హాన్స్ క్రిస్టియన్ గ్రామ్

హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ (సెప్టెంబరు 13, 1853 - నవంబరు 14, 1938) డెన్మార్కు దేశానికి చెందిన ప్రముఖ వైద్యుడు, బాక్టీరియా శాస్త్రవేత్త. బాక్టీరియాను రెండు ప్రధాన వర్గాలుగా గుర్తించేందుకు తోడ్పడే గ్రామ్ వర్ణక పద్ధతిని 1884లో రూపొందించాడు. న్యుమోనియా పరిశోధనలో పుట్టిన ఈ పద్ధతి, వెంటిలేటరుపై ఉన్న రోగులకు సోకే న్యుమోనియా నిర్ధారణలో నేటికీ ఉపయోగపడుతున్నది.

బాల్యం, విద్యాభ్యాసం

గ్రామ్ కోపెన్‌హాగన్ నగరంలో జన్మించాడు. తండ్రి న్యాయశాస్త్ర ఆచార్యుడు. మొదట వృక్షశాస్త్రంపై ఆసక్తి చూపినా తరువాత వైద్యవిద్య వైపు మళ్ళి, 1878లో కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయం నుండి వైద్య పట్టా పొందాడు.

బెర్లిన్‌లో పరిశోధన

న్యుమోనియాకు కారణమైన బాక్టీరియా ఏది అన్న విషయమై 1880లలో జర్మనీలో తీవ్ర వివాదం నడిచింది. కార్ల్ ఫ్రీడ్‌లాండర్ ఒక బాక్టీరియాను, ఆల్బర్ట్ ఫ్రాంకెల్ మరొకదానిని కారణంగా పేర్కొన్నారు. 1884లో గ్రామ్ బెర్లిన్‌లో ఫ్రీడ్‌లాండర్ వద్ద పనిచేస్తూ, మరణించిన రోగుల ఊపిరితిత్తుల కణజాలాన్ని పరీక్షించాడు. కణజాలానికీ బాక్టీరియాకూ ఒకే రంగు అంటడం వలన బాక్టీరియా స్పష్టంగా కనిపించేది కాదు. గ్రామ్ ఊదా రంగు వేసి, అయోడిన్ ద్రావణంతో స్థిరపరచి, ఆల్కహాలుతో కడిగాడు. కణజాలం రంగు కోల్పోగా, కొన్ని రకాల బాక్టీరియా మాత్రం రంగును నిలుపుకున్నాయి. టైఫాయిడ్ బాక్టీరియా వంటివి రంగును కోల్పోయాయి.

తన పద్ధతి అసంపూర్ణమైనదని గ్రామ్ స్వయంగా అంగీకరించాడు. బాక్టీరియాను వర్గీకరించడం ఆయన ఉద్దేశం కాదు. వాటిని స్పష్టంగా చూడటమే లక్ష్యం. రంగు కోల్పోయిన బాక్టీరియాకు ఎరుపు రంగు వేసే అంచెను తరువాత ఇతరులు చేర్చారు. రంగును నిలుపుకునేవి గ్రామ్ పాజిటివ్, కోల్పోయేవి గ్రామ్ నెగటివ్ అయ్యాయి. ఫ్రాంకెల్ బాక్టీరియా (న్యుమోకాకస్) మొదటి వర్గానికి, ఫ్రీడ్‌లాండర్ బాక్టీరియా (క్లెబ్సియెల్లా) రెండవ వర్గానికి చెందుతాయి. రెండూ న్యుమోనియా కలిగించగలవని తరువాత తేలింది.

వెంటిలేటరు రోగులలో ఉపయోగం

శ్వాసనాళంలో గొట్టం అమర్చిన రోగులకు జ్వరం, తెల్ల రక్తకణాల పెరుగుదల, ఎక్స్‌రేలో మచ్చలు ఇతర కారణాల వలన కూడా రావచ్చు. అందువలన న్యుమోనియాను నిర్ధారించడం కష్టం. శ్వాసనాళం నుండి తీసిన స్రావాన్ని కల్చర్ చేస్తే ఫలితానికి సాధారణంగా రెండు మూడు రోజులు పడుతుంది. గ్రామ్ పరీక్ష మాత్రం గంటలోపే పూర్తవుతుంది. తెల్లకణాలు, బాక్టీరియా ఉన్నదీ లేనిదీ, ఉంటే ఏ వర్గానివో తెలుస్తుంది. అయితే వ్యాధి లేకపోయినా గొట్టంలో బాక్టీరియా చేరవచ్చు గనుక ఈ ఒక్క పరీక్షతోనే నిర్ధారణ చేయరు. గ్రామ్ పరీక్ష ఆధారంగా మందులు ఎంచుకుంటే చికిత్స ఫలితం తగ్గకుండానే విస్తృత ప్రభావం గల యాంటీబయాటిక్ మందుల వాడకాన్ని తగ్గించవచ్చని 2022లో ప్రచురితమైన జపాను అధ్యయనం తెలిపింది.

చివరి జీవితం

గ్రామ్ 1891 నుండి కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయంలో ఔషధశాస్త్రం బోధించాడు. 1900లో వైద్యశాస్త్ర ఆచార్యుడై, 1923లో పదవీ విరమణ చేశాడు. 1938లో మరణించాడు.