మోకాలి గాయంతో ఆట పోయింది.. ఆర్మీ కొలువూ పోయేదే! ఐసెన్‌హోవర్ జీవితాన్ని మార్చిన 1912 సీజన్

రెండో ప్రపంచ యుద్ధంలో నార్మండీ తీరంపై మిత్ర దేశాల దాడిని నడిపించిన సేనాని ఎవరంటే చాలామంది ఠక్కున చెప్పే పేరు డ్వైట్ ఐసెన్‌హోవర్. ఆ తర్వాత ఆయన రెండుసార్లు అమెరికా అధ్యక్షుడయ్యారు. 1959 డిసెంబర్‌లో ఢిల్లీకి వచ్చి, పదవిలో ఉండగా భారత్‌లో అడుగుపెట్టిన తొలి అమెరికా అధ్యక్షుడిగానూ రికార్డుకెక్కారు. అయితే ఇదే మనిషికి ఒకప్పుడు సైన్యంలో చిన్న ఆఫీసర్ ఉద్యోగం కూడా దక్కకపోయే పరిస్థితి వచ్చింది. కారణం యుద్ధం కాదు, ఓ ఫుట్‌బాల్ మ్యాచ్. అసలేం జరిగిందంటే..

కాన్సాస్ కుర్రాడు

ఐసెన్‌హోవర్ 1890 అక్టోబర్ 14న టెక్సాస్‌లోని డెనిసన్‌లో పుట్టారు. ఏడుగురు అన్నదమ్ముల్లో మూడోవాడు. ఆయనకు రెండేళ్లు నిండకముందే కుటుంబం కాన్సాస్ రాష్ట్రంలోని ఎబిలీన్ అనే చిన్న ఊరికి మారింది. తండ్రి అక్కడి పాల డెయిరీలో పనిచేసేవారు. తల్లి ఐడా యుద్ధం అంటేనే గిట్టని భక్తురాలు. ఇంట్లో డబ్బుకు ఎప్పుడూ కటకటే. ఐక్ అనే ముద్దుపేరు చిన్నప్పటి నుంచే ఉంది.

స్కూల్లో చదివే రోజుల్లో మోకాలికి తగిలిన చిన్న గీత సెప్టిక్ అయ్యి ప్రాణం మీదకు తెచ్చింది. కాలు తీసేయాల్సిందేనని డాక్టర్ తేల్చేశారు. కాలు లేకుండా ఆటలు ఆడలేని బతుకు వద్దని ఐక్ మొండికేశాడు. తాను స్పృహ తప్పినా కాలు తీయనివ్వొద్దని అన్న ఎడ్గర్ దగ్గర మాట తీసుకున్నాడు. అన్న గది గుమ్మం దగ్గరే కాపలా ఉన్నాడు. చివరికి కాలు నిలిచింది.

1909లో హైస్కూల్ అయిపోయింది. అన్నదమ్ములిద్దరికీ కాలేజీ ఫీజులు కట్టే స్తోమత లేదు. ముందు అన్న చదవాలి, తమ్ముడు డబ్బు పంపాలి అనుకున్నారు. అలా ఐక్ రెండేళ్ల పాటు డెయిరీలో రాత్రీపగలూ పనిచేశాడు. అప్పుడే ఓ స్నేహితుడు చెవిన వేసిన మాట, మిలిటరీ కాలేజీలో సీటు వస్తే చదువు ఫ్రీ అని. మొదట నేవీ అకాడమీ అనుకున్నా అప్పటికే వయసు దాటిపోయింది. దాంతో పరీక్ష రాసి, సెనెటర్ సిఫార్సుతో 1911 జూన్‌లో న్యూయార్క్ రాష్ట్రంలోని వెస్ట్ పాయింట్ సైనిక కాలేజీలో చేరాడు. దేశభక్తి కంటే ఫీజు లేని చదువు, దాంతో పాటు ఫుట్‌బాల్. అప్పటికి అతని లెక్క అంతే.

ఆ ఫుట్‌బాల్ వేరు

ఇక్కడ ఓ మాట చెప్పుకోవాలి. ఇది మనకు తెలిసిన, కాలితో తన్నే ఫుట్‌బాల్ కాదు. కోలగా ఉండే బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తాలి. ఎదుటి జట్టు వాళ్లు మీద పడి నేలకేసి కొడతారు. ఈ రోజుల్లోలా గట్టి హెల్మెట్లు, ప్లాస్టిక్ ప్యాడ్‌లు అప్పట్లో లేవు. 1909లో హార్వర్డ్‌తో మ్యాచ్‌లో గాయపడి వెస్ట్ పాయింట్ క్యాడెట్ ఒకరు చనిపోతే, ఆ ఏడాది మిగతా మ్యాచ్‌లన్నీ రద్దు చేసుకున్నారు. ఇలాంటి మరణాల తర్వాత రూల్స్ మారుతూ వచ్చాయి. సరిగ్గా 1912లోనే టచ్‌డౌన్‌కు 6 పాయింట్లు, బంతిని ముందుకు తీసుకెళ్లడానికి 4 ఛాన్సులు అనే పద్ధతి వచ్చింది. నేటికీ అదే నడుస్తోంది.

మొదటి ఏడాది ఐక్ మరీ సన్నగా ఉన్నాడని మెయిన్ టీమ్‌లోకి తీసుకోలేదు. ఏడాదంతా కసరత్తు చేసి, బాగా తిని బరువు పెంచాడు. పరుగు వేగం పెంచాడు. 1912 సీజన్ మొదలయ్యేసరికి హాఫ్‌బ్యాక్‌గా టీమ్‌లో ఉన్నాడు.

ఆర్మీ టీమ్ స్టీవెన్స్ జట్టును 27-0తో, రట్గర్స్‌ను 19-0తో ఓడించింది. యేల్ చేతిలో మాత్రం 0-6తో ఓడింది. తర్వాత కోల్గేట్‌పై 18-7తో గెలిచింది. ఈ మ్యాచ్‌లలో ఐక్ ఆట చూసి న్యూయార్క్ పత్రికలు సైతం మంచి భవిష్యత్తున్న ఆటగాడని రాశాయి. 22 ఏళ్ల కుర్రాడికి ఇంకేం కావాలి?

ఎదురుగా జిమ్ థార్ప్

1912 నవంబర్ 9. వెస్ట్ పాయింట్‌కు వచ్చిన జట్టు కార్లైల్ ఇండియన్ స్కూల్. అమెరికా మూలవాసుల పిల్లలను ఇళ్ల నుంచి దూరంగా తెచ్చి, వాళ్ల భాష, వేషం మాన్పించి చదివించిన బడి అది. సైన్యానికి, మూలవాసులకు మధ్య రక్తపాతం పాత కథేం కాదు. వూండెడ్ నీ ఊచకోత జరిగింది ఐక్ పుట్టిన 1890లోనే. ఆ సైన్యంలో ఆఫీసర్లు కాబోయే కుర్రాళ్లతో ఈ పిల్లలు బరిలోకి దిగారు.

వాళ్ల స్టార్ జిమ్ థార్ప్. ఆ ఏడాదే స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో పెంటాథ్లాన్, డెకాథ్లాన్ రెండింట్లోనూ గోల్డ్ కొట్టి వచ్చాడు. థార్ప్‌ను ఆపితే మ్యాచ్ మనదే అన్నది ఆర్మీ ప్లాన్. ఐక్, మరో ఆటగాడు కలిసి రెండు వైపుల నుంచి ఒకేసారి అతని మీదకు దూకారు. థార్ప్ ఠక్కున ఆగాడు. ఇద్దరూ ఒకరినొకరు గుద్దుకుని పడ్డారు. ఆర్మీ కెప్టెన్ అయితే దురుసు ఆటకు మైదానం నుంచే గెంటించుకున్నాడు. ఆఖరికి కార్లైల్ 27-6తో గెలిచింది.

థార్ప్‌కు ఆ తర్వాత జరిగింది అన్యాయమే. గతంలో డబ్బు తీసుకుని బేస్‌బాల్ ఆడాడన్న కారణంతో 1913లో ఒలింపిక్ పతకాలు లాగేసుకున్నారు. ఆయన 1953లో చనిపోయారు. పతకాలు కుటుంబం చేతికి అందింది 1983లో. ఏకైక విజేతగా పేరు తిరిగి రికార్డుల్లోకి ఎక్కింది 2022లో.

ఆ ఒక్క వారం

ఐక్ మోకాలు విరగ్గొట్టింది థార్పేనని కొన్నిచోట్ల చెబుతుంటారు. నిజానికి ఆ దెబ్బ తగిలింది మరుసటి వారం టఫ్ట్స్‌తో మ్యాచ్‌లో. బంతితో దూసుకెళ్తుంటే ఎదుటి ఆటగాడు కాలు పట్టేశాడు. మోకాలు మెలి తిరిగింది. ఆర్మీ 15-6తో గెలిచింది కానీ ఐక్ ఆస్పత్రి పాలయ్యాడు.

వాపు తగ్గి బయటికొచ్చాక అసలు దెబ్బ పడింది. గుర్రపు స్వారీ డ్రిల్‌లో, పరిగెత్తే గుర్రం మీద నుంచి కిందకు దూకి మళ్లీ ఎక్కాలి. దూకిన ఐక్ మోకాలు ఒక్కసారిగా కుప్పకూలింది. లోపల లిగమెంట్లు తెగాయి. కాలు సాపు చేయడానికే డాక్టర్లకు రోజులు పట్టింది. ఇక జీవితంలో ఫుట్‌బాల్ లేదని చెప్పేశారు.

అతను లేకుండానే టీమ్ సిరక్యూస్‌పై 23-7తో గెలిచింది. అందరూ ఎదురుచూసే నేవీ మ్యాచ్‌లో 0-6తో ఓడింది. 5 గెలుపులు, 3 ఓటములతో సీజన్ ముగిసింది. ఐక్ ఆట కూడా దాంతోపాటే ముగిసింది.

కాలేజీ వదిలేద్దామనుకున్నాడు

ఆ తర్వాత కుర్రాడు పూర్తిగా డీలా పడిపోయాడు. చదువు మీద ధ్యాస తగ్గింది. కాలేజీ మానేసి ఇంటికి వెళ్లిపోతానని ఒకటికి నాలుగుసార్లు అన్నాడు. ప్రతిసారీ తోటి క్యాడెట్లే ఆపారు. అప్పుడు అతనికి అప్పగించిన పని జూనియర్ టీమ్‌కు కోచింగ్. గ్రౌండ్‌లో గెంతే చీర్‌లీడర్‌గానూ చేశాడు. ఎవరు ఎక్కడ నిలబడితే లాభం, ఎవరికి ఏ మాట చెబితే పని జరుగుతుంది అని గీత బయట నుంచి చూడటం అలవాటైంది అప్పుడే.

అసలు గండం 1915లో, చదువు పూర్తవుతుండగా వచ్చింది. ఇలాంటి మోకాలితో ఆఫీసర్‌ను చేస్తే, రేపు త్వరగా రిటైరై పెన్షన్ భారం ప్రభుత్వం మీద పడుతుందన్నది అప్పటి ఆలోచన. డిగ్రీ వస్తుంది కానీ కొలువు రాకపోవచ్చని అకాడమీ ముఖ్య వైద్యాధికారి చెప్పారు. ఐక్ పెద్దగా కంగారు పడలేదు. అర్జెంటీనా వెళ్లి బతుకుదామని ఆ దేశం గురించి ఆరా కూడా తీశాడు. తీర ప్రాంత ఫిరంగి దళంలో చేరమంటే వద్దన్నాడు. చివరకు గుర్రాల దళం అడగకుండా ఉంటే సిఫార్సు చేస్తానని ఆ వైద్యాధికారే మెత్తబడ్డారు. ఐక్ పదాతి దళం కోరుకున్నాడు. అలా బయటపడ్డాడు.

ఆ బ్యాచ్‌లో 164 మంది పాసైతే ఐక్ ర్యాంకు 61. అదే బ్యాచ్ నుంచి తర్వాత 59 మంది జనరళ్లయ్యారు.

కోచ్ ముద్ర వదల్లేదు

అయినా కష్టాలు తీరలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ట్యాంకు దళానికి ట్రైనింగ్ ఇస్తూ అమెరికాలోనే ఉండిపోయాడు. ఓడ ఎక్కాల్సిన తేదీకి వారం ముందు యుద్ధం ఆగిపోయింది. 1921 జనవరిలో మూడేళ్ల పెద్ద కొడుకు స్కార్లెట్ ఫీవర్‌తో చనిపోయాడు. ఆ దుఃఖం ఆయన్ను జీవితాంతం వెంటాడింది. ఎక్కడికి వెళ్లినా సైన్యం మాత్రం ఫుట్‌బాల్ కోచ్‌గానే వాడుకుంది. 1924లో పనామా నుంచి తిరిగి రప్పించింది కూడా కోచింగ్ కోసమే! 1926లో లెవెన్‌వర్త్ స్టాఫ్ కాలేజీలో 245 మందిలో ఫస్ట్ వచ్చినా మేజర్ హోదా దాటడానికి మరో పదేళ్లు పట్టింది.

1944 జూన్‌లో లక్షన్నర మంది సైనికులను సముద్రం దాటించే నిర్ణయం ఆయన చేతుల్లో పడింది. వాతావరణం బాగోలేక దాడిని ఒకరోజు ఆపి, జూన్ 6న కదలమన్నారు. విఫలమైతే తప్పు పూర్తిగా తనదేనని ముందే ఓ కాగితం మీద రాసి జేబులో పెట్టుకున్నారు. దాని అవసరం రాలేదు.

1953 నుంచి 1961 వరకు అధ్యక్షుడిగా ఉన్న ఐసెన్‌హోవర్ 1969 మార్చి 28న 78వ ఏట కన్నుమూశారు. మోకాలు బాగుంటే మరో రెండేళ్లు బంతి పట్టుకుని పరిగెత్తేవాడేమో. పెన్షన్ ఖర్చు లెక్కే గెలిచి ఉంటే మాత్రం నార్మండీ దాడికి సేనాని ఇంకొకరు అయ్యేవారు. ఒక వైద్యాధికారి మెత్తబడటంతో ఆ కొలువు నిలిచింది.