సర్ తామస్ మన్రో

పద్దెనిమిదవ శతాబ్ది చివరి దినములలో రాయలసీమ రైతు తాను చెల్లింపవలసిన శిస్తు ఎంతయో నిశ్చయముగా ఎరుగడు. ఎరిగినవాడు కరణమొక్కడే. లెక్క కవిలెకట్టలో ఉండెడిది. కవిలెకట్ట కరణము ఇంట ఉండెడిది. ప్రభువులు మారినను, పాలెగాండ్రు మారినను ఆ కట్ట మాత్రము చేతులు మారెడిది కాదు. పెద్దరైతు సాగుభూమిని బీడని వ్రాసి, ఆ లోటును పేదవాని పేర కలిపినను అడుగువాడు లేడు. అట్టి సీమకు 1800వ సంవత్సరమున కలెక్టరుగా వచ్చినవాడు తామస్ మన్రో.

మన్రో 1761వ సంవత్సరము మే నెల 27వ తేదీన స్కాట్లండు దేశమందలి గ్లాస్గో నగరమున జన్మించెను. తండ్రి అమెరికాతో పొగాకు వ్యాపారము చేయుచుండెను. అమెరికా స్వాతంత్ర్య యుద్ధము వలన ఆ వ్యాపారము దెబ్బతిని కుటుంబము కష్టముల పాలయ్యెను. మన్రో ఈస్టిండియా కంపెనీ సైన్యమున చిన్న ఉద్యోగము సంపాదించి 1780లో చెన్నపట్టణము చేరెను. హైదరాలీతోను, టిప్పుసుల్తానుతోను జరిగిన యుద్ధములలో పాల్గొనెను. హిందూస్థానీ, పారసీ భాషలు నేర్చెను. 1792 నుండి బారామహలు ప్రాంతమున అలెగ్జాండరు రీడు కడ శిస్తు నిర్ణయించు పని అభ్యసించెను. సైనికుడు లెక్కలవాడుగా మారినది అక్కడనే.

1800లో నిజాము తన రాజ్యమున నిలుపుకొన్న ఆంగ్లసైన్యపు వ్యయమునకై బళ్లారి, అనంతపురము, కడప ప్రాంతములను, కర్నూలు సీమలో కొంతభాగమును కంపెనీకి ఇచ్చివేసెను. వీనికే దత్తమండలములని పేరు. మన్రో తొలి సంవత్సరములను చాలవరకు గుడారములలోనే గడపి గ్రామగ్రామము తిరిగెను. పాలెగాండ్రను కఠినముగా అణచివేసెను. అయినను ఆయన కీర్తికి మూలము ఆ యుద్ధములు కావు, భూమి కొలత.

1802లో ఆరంభమైన ఆ కొలతకు 33 అడుగుల గొలుసు సాధనము. పొడవున ఒక గొలుసు, వెడల్పున ఒక గొలుసు గల నేల ఒక గుంట. 40 గుంటలు ఒక ఎకరము. ఎన్ని చేతులు పట్టినను గొలుసు పొడవు మారదు గదా! గుమాస్తాలు ఒక్కొక్క పొలమును కొలిచి సంఖ్య వేయుదురు. వారు కొలిచినదానిలో కొంతభాగమును పై ఉద్యోగులు మరల కొలిచి చూతురు. పిమ్మట మెట్ట, మాగాణి, తోట అని నేల తరమును నిర్ణయించువారు వత్తురు. ఈ నిర్ణయము కరణము ఇంట రహస్యముగా జరుగరాదు. రెడ్డి, కరణము, రైతులు అందరును ఎదుట ఉండవలెను. ఒకని పొలము తక్కువ తరముగా వ్రాయబడినచో ప్రక్కరైతు ఊరకుండడు. ఆ భారము తనపై పడునని వానికి తెలియును. మన్రో ఈ పోరును అడ్డగింపక దానినే కావలిగా వాడుకొనెను.

తుదకు రైతు పేర పట్టా పుట్టెను. ఏ పొలము, ఎంత విస్తీర్ణము, ఎంత శిస్తు అను వివరములు అందుండును. చదువురాని రైతు సైతము దానిని మరియొకనిచే చదివించుకొనవచ్చును. అధికముగా అడిగినవానికి చూపి నిలదీయవచ్చును.

ఏడు సంవత్సరములలో కంపెనీ ఆదాయము సుమారు సగము పెరిగెను. శిస్తు రైతుకు బరువుగానే ఉండెను. ఆ సంగతి గ్రహించి మన్రో 1807లో సీమ విడుచునప్పుడు, నూటికి 25 వంతున శిస్తు తగ్గింపుమని పైవారికి వ్రాసెను. వారు అంగీకరింపలేదు. పైగా గ్రామములను మొత్తముగా గుత్తలకిచ్చు పద్ధతి పెట్టిరి. రైతులనేకులు చితికిపోయిరి. 1820లో మన్రో చెన్నపట్టణపు గవర్నరై వచ్చిన తరువాతనే తగ్గింపుతో కూడిన రైతువారీ పద్ధతి ఆ సీమలో మరల స్థిరపడెను.

ఈ నడుమ, 1816 ప్రాంతమున, కోయంబత్తూరు ఖజానాదారు ఏండ్ల తరబడి ప్రజాధనమును అపహరించిన వ్యవహారమును మన్రో విచారించెను. పై అధికారి నమ్మకముతో కన్ను మూసికొన్నచో క్రింది లెక్క ఎట్లుండునో అచ్చట బయటపడెను. మన్రో ఆ దోషమును దేశీయుల స్వభావమునకు అంటగట్టలేదు. చాలీచాలని జీతమిచ్చి, పెద్ద పదవులకు దూరముగా నుంచి, నిజాయితీని కోరుట న్యాయము కాదని ఆయన మతము. 1824లో తన అభిప్రాయ పత్రమున ఈ సంగతినే విపులముగా వ్రాసెను. కాని 1822లో పత్రికలకు స్వేచ్ఛ ఇచ్చు విషయమున ఆయనయే అడ్డు చెప్పెను; పరప్రభుత్వమును స్వేచ్ఛగల పత్రికయు ఒకచోట నిలువవని ఆయన తలంపు. గ్రామలెక్క పదిమంది యెదుట తేలవలెనన్నవాడు ప్రభుత్వపు నడవడి పదిమంది నోట పడుటకు ఒప్పుకొనలేదు. ఎంతైనను ఆయన కంపెనీ కొలువువాడు.

1827లో పదవి విడిచి స్వదేశమునకు పోవలసియుండగా దత్తమండలములను మరియొకసారి చూడగోరి బయలుదేరెను. దారిలో విడిదియందు కలరా సోకెను. జూలై 6వ తేదీన పత్తికొండలో మన్రో మరణించెను. దేహమును గుత్తిలో పాతిపెట్టి, 1831లో చెన్నపట్టణపు కోటలోని చర్చికి చేర్చిరి. ఆయన పేర పత్తికొండలో బావి త్రవ్వించి తోట నాటించిరి. చెన్నపట్టణమున గుఱ్ఱముపైనున్న విగ్రహము నెలకొల్పిరి. రాయలసీమ పల్లెలలో కొందరు రైతులు మాత్రము తమ బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకొనిరి.