సర్ వైవిల్ థామ్సను

ఉప్పలు, నాచారము ప్రాంతముల వారమగు మనకు సముద్రము దూరము. ధ్రువసముద్రము మరింత దూరము. అయినను ఉప్పలు బాటయందలి కణ, అణు జీవశాస్త్ర కేంద్రమున శాస్త్రజ్ఞులు అంటార్కిటికానుండి తెచ్చిన సూక్ష్మజీవులు చలి నెట్లు సహించుచున్నవో పరిశోధించిరి. చలినీటి జీవములను గూర్చి మొదట శోధించినవారిలో నొకరి చరిత్ర మిచ్చట వ్రాయుచున్నాము.

థామ్సను 1830 మార్చి 5వ తేదీన స్కాట్లండునందు జన్మించెను. ఎడింబరోలో వైద్యవిద్య నారంభించియు, దానిని విడిచి జంతుశాస్త్రమునందు మనస్సు నిలిపెను. ఐర్లండునందును, 1870 నుండి ఎడింబరోయందును ఆచార్యుడుగా నుండెను.

ఆ కాలమున, 300 బారల లోతునకు దిగువ ప్రాణి యుండదని పలువురు నమ్మియుండిరి. ఎడ్వర్డు ఫోర్బ్సు అను పండితుని యూహ యది. ఆయన సామాన్యుడు కాడు. వెలుగులేని చోట, అంత చలిలో, అంత నీటి బరువుక్రింద ప్రాణి యెట్లు బ్రదుకును? థామ్సను వాదింపక, వెదకెను. 1868లో కార్పెంటరు పండితునితో గూడి ‘లైట్నింగు’ అను ఓడపై స్కాట్లండునకు ఉత్తరముగా బోయి, 600 బారలకు దిగువ వలసంచి నీడ్పింపగా, సజీవములైన ప్రాణులు వచ్చెను. అచ్చట మరియొక వింత: ఒకే లోతున, ఒక తావున నీరు వెచ్చన, చేరువనే మరియొక తావున మంచువలె చల్లన. ధ్రువజలము నడ్డగించు సముద్రగర్భపు గట్టే కారణమని పిమ్మట తేలెను. ఆ గట్టునకు నేడు ఆయన పేరే. మరుసటి యేడు ‘పోర్క్యుపైను’ ఓడ 2,435 బారలనుండి ప్రాణులను దెచ్చెను.

1872 డిసెంబరులో ‘ఛాలెంజరు’ ఓడయందలి శాస్త్రజ్ఞులకు నాయకుడై ఆయన బయలుదేరెను. 1874 ఫిబ్రవరి 16న ఆ ఓడ దక్షిణధ్రువ వృత్తమును దాటెను. ఆవిరియోడలలో నదియే మొదటిది. దక్షిణసముద్రపు లోతులనుండి, గొట్టములవంటి పాదములతో బురదపై నడచు సముద్రపు దోసకాయలును, కడుపు చాలక ప్రేగులు కాళ్లలోనికి వ్యాపించిన సముద్రపు సాలీడులును వలకు చిక్కెను.

మాకు మిగుల నచ్చినది వేరొకటి. వెచ్చని సముద్రములలో ముండ్లజీవుల పిల్లలు సాధారణముగా పుట్టినది మొదలు నీటిపాలై తేలిపోవును. కర్గ్యులెన్ దీవియొద్ద థామ్సను చూచిన ముండ్లజీవి వీపున గుంటలుండెను. ముండ్లే కంచెగా పిల్ల లందు పెరుగుచుండెను. ఫాక్లాండు దీవులయొద్ద నొక సముద్రపు దోసకాయ పిల్లలను వీపున మోయుచుండెను. మన పొలములలో పిల్లలను మోయు తల్లితేలును చూచినవారి కిది సులభముగా బోధపడును.

1876 మేలో ఓడ తిరిగివచ్చెను. ఆయనకు సర్ బిరుదు లభించెను. వేలకొలది జీవుల వర్ణనలను అచ్చువేయించు భార మాయనపై బడి, ఆరోగ్యము చెడెను. 1882 మార్చి 10న, ఏబదిరెండవ యేట మరణించెను. జాన్ మర్రే పూనుకొని 1895 నాటికి ఏబది సంపుటములను ముగించెను. థామ్సను కన్నులజూచినవి వానిలో కొన్నియే.