గోల్ఫు ఆటగాడు బాబీ జోన్స్

గోల్ఫు ఆటను చూచినవారు మనలో కొద్దిమందే యుందురు. విశాలమైన పచ్చికబయలులో చిన్న బంతిని కఱ్ఱతో కొట్టుచు 18 గుంటలలో వరుసగా పడవేయవలెను. తక్కువ దెబ్బలతో ముగించినవానిదే గెలుపు. నిలిచియున్న బంతిని కొట్టుటకు ఎవరును అడ్డురారు. గనుక ఆటగానికి తన మనస్సే శత్రువగును.

బాబీ జోన్స్ 1902లో అమెరికాలోని అట్లాంటాలో పుట్టెను. 14వ యేటనే జాతీయ పోటీలో ఆడెను. అంతటి నేర్పరియు తరువాత ఏడేండ్లు పెద్ద పోటీ ఒక్కటియు గెలువలేదు. దెబ్బ తప్పినయెడల, బిళ్లంగోడులో ఓడిన పిల్లవానివలె కఱ్ఱ విసరివేయును. 1921లో స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్‌లో మూడవ విడత ఆట చెడిపోగా, 11వ గుంటయొద్ద బంతిని తీసికొని పోటీ విడిచెను. ఆ సిగ్గు ఆయనను చాలకాలము బాధించెను.

1923లో ఇన్‌వుడ్‌లో అమెరికా ఓపెన్ పోటీ జరిగెను. గెలుపు చేతికందిన వేళ, కడపటి మూడు గుంటలలో జోన్స్ నాలుగు దెబ్బలు ఎక్కువ కొట్టెను. క్రూక్‌షాంక్ అను ఆటగాడు వచ్చి సమానమాయెను. పూర్వపు జోన్స్ అయితే అక్కడే కూలిపోయియుండును. మరునాడు ఇద్దరును మరల ఆడిరి. 17 గుంటలు ముగిసినను సమానమే. అప్పుడు జోన్స్ తడవుచేయక, నీటిమడుగు మీదుగా దూరపుదెబ్బ కొట్టి బంతిని గుంటదగ్గరకు చేర్చి గెలిచెను.

క్రమముగా ఆయన ఎదుటివానిని చూచుట మాని, ప్రతి గుంటకు నియమింపబడిన దెబ్బల లెక్కతోనే పోటీపడ నేర్చుకొనెను. 1930లో ఒకే యేట నాలుగు పెద్ద పోటీలు గెలిచి, 28 ఏండ్లకే పోటీలు మానెను.

తరువాత వెన్నుపాము వ్యాధి ఆయన నడకను హరించెను. 1971లో మరణించెను. అంతకుముందు, 1958లో, ఆయనను పిలిచి గౌరవ పౌరునిగా చేసికొన్నది సెయింట్ ఆండ్రూస్ పట్టణమే.