సామ్ బ్రౌన్

ఈ వ్యాసం ఒంటిచేతి సైనికాధికారి సామ్ బ్రౌన్ గురించినది. తెలుగు నిఘంటువు కూర్చిన ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ వేరొక వ్యక్తి.

జనరల్ సర్ శామ్యూల్ జేమ్స్ బ్రౌన్ (అక్టోబరు 3, 1824 - మార్చి 14, 1901) బ్రిటిషు పాలనాకాలంలో భారతదేశంలో పనిచేసిన అశ్వికదళ అధికారి మరియు విక్టోరియా క్రాస్ గ్రహీత. 1858లో జరిగిన ఒక పోరాటంలో ఇతడు ఎడమచేతిని భుజం వరకు కోల్పోయాడు. కత్తిని, పిస్తోలును ఒంటిచేత్తో వాడుకోవడానికి వీలుగా ఇతడు ధరించిన తోలు బెల్టు సామ్ బ్రౌన్ బెల్టు అన్న పేరుతో అనేక దేశాల సైన్యాలకు, పోలీసు దళాలకు వ్యాపించింది. ఇతడు చేసిన యుద్ధాలకంటే ఈ బెల్టు వలననే ఇతడి పేరు ఎక్కువమందికి తెలుసు.

బాల్యం, తొలి ఉద్యోగం

బ్రౌన్ బెంగాలులోని బారక్‌పూర్‌లో జన్మించాడు. ఇతడి తండ్రి జాన్ బ్రౌన్ ఈస్టిండియా కంపెనీ వారి బెంగాల్ వైద్య విభాగంలో వైద్యుడు. శామ్యూల్ 1840లో 46వ బెంగాల్ నేటివ్ ఇన్‌ఫాంట్రీలో చేరాడు. 1848-49 నాటి రెండవ ఆంగ్లో-సిక్కు యుద్ధంలో రాంనగర్, చిలియన్‌వాలా, గుజరాత్ (పంజాబులోని పట్టణం) పోరాటాలలో పాల్గొన్నాడు.

యుద్ధం ముగిసి పంజాబు కంపెనీ అధీనంలోకి వచ్చిన తరువాత, 1849లో అక్కడ కొత్త అశ్వికదళాలను ఏర్పాటు చేశారు. వాటిలో ఒకటైన 2వ పంజాబ్ ఇర్రెగ్యులర్ కావల్రీని కూర్చే పని బ్రౌన్‌కు అప్పగించారు. ఇటువంటి దళాలలో సవార్లు స్థానికులు, పై అధికారులు కొద్దిమంది ఆంగ్లేయులు. వాయవ్య సరిహద్దులోని కొండజాతులపై జరిపిన దాడులలో ఈ దళం పాల్గొన్నది.

1858 ఆగష్టు 31

1857లో సిపాయిల తిరుగుబాటు మొదలైనప్పుడు బ్రౌన్ కెప్టెన్ హోదాలో ఉన్నాడు. ప్రథమ స్వాతంత్ర్య సంగ్రామంగా భారతీయులు స్మరించే ఈ పోరాటంలో ఇతడు కంపెనీ పక్షాన పనిచేశాడు. 1858 మార్చిలో లక్నోను తిరిగి పట్టుకున్న సేనలో ఇతడి దళం ఉంది. ఆ తరువాత పోరు రోహిల్‌ఖండ్ ప్రాంతానికి మారింది.

1858 ఆగష్టు 31న పీలీభీత్ ప్రాంతంలోని సీర్పూరా వద్ద తెల్లవారుజామున తిరుగుబాటుదారుల శిబిరంపై దాడి జరిగింది. వారి వద్ద ఉన్న తొమ్మిది పౌండ్ల ఫిరంగి, ముందుకు వస్తున్న కంపెనీ పదాతి దళానికి ఎదురుగా ఉంది. ఫిరంగిని మళ్ళీ మందుగుండుతో నింపకముందే బ్రౌన్ ఒక్క సవారును వెంటబెట్టుకొని దానిపైకి గుర్రాన్ని ఉరికించాడు. ఫిరంగి వద్ద ఉన్నవారు అతడిని చుట్టుముట్టారు. మొదటి కత్తి వేటు ఎడమ మోకాలిపై పడింది. రెండవది ఎడమచేతిని భుజం వద్ద తెగవేసింది. అప్పటికే అతడు తనపైకి వచ్చిన వారిలో ఒకరిని నరికివేశాడు. ఫిరంగి మళ్ళీ పేలలేదు. ఈ సాహసానికిగాను 1861లో అతడికి విక్టోరియా క్రాస్ ప్రకటించారు.

ఒంటిచేతి సమస్య

ఆ కాలపు అశ్వికదళ అధికారి కత్తి ఒర, నడుముకు కట్టిన బెల్టు నుండి రెండు పట్టీలతో వ్రేలాడుతూ ఉండేది. నడిచేటప్పుడు అది కాళ్ళకు అడ్డు తగలకుండా ఎడమచేత్తో పట్టుకొనేవారు. కత్తి దూసేటప్పుడు కూడా ఎడమచెయ్యి ఒరను అదిమి పడితేనే కుడిచెయ్యి కత్తిని సులభంగా లాగగలిగేది. పిస్తోలు సంగతి కూడా ఇంతే. దాని ఒర కదిలిపోతూ ఉంటే పిస్తోలుతోపాటు ఒర కూడా పైకి లేస్తుంది. ఎడమచెయ్యి లేని అధికారికి ఈ పనులన్నీ కష్టమే.

బ్రౌన్ బెల్టు ఈ కొరతను తీర్చింది. ఇందులో వెడల్పైన దళసరి తోలు నడికట్టు, దానికి బిగించిన ఇత్తడి రింగులు, కుడిభుజం మీదుగా ఏటవాలుగా వెళ్ళే సన్నని పట్టీ ఉంటాయి. ఈ భుజం పట్టీ ఎడమవైపు వ్రేలాడే కత్తి బరువును మోస్తుంది. కత్తి ఒరను నడికట్టుకు తగిలించిన తోలు తొడుగులో ఇమిడ్చితే అది అటూ ఇటూ ఊగదు. కుడి తుంటిపై మూత ఉన్న తోలు ఒరలో పిస్తోలు ఉంటుంది. పిస్తోలు బరువు ఎక్కువైనప్పుడు ఎడమభుజం మీదుగా రెండవ పట్టీ కూడా వేసుకొనేవారు.

ఈ బెల్టు ఎప్పుడు రూపొందిందన్న విషయంపై ఒకటికంటే ఎక్కువ కథనాలున్నాయి. చెయ్యి పోయిన తరువాతనే బ్రౌన్ దీనిని తయారు చేయించాడన్నది ఎక్కువ ప్రచారంలో ఉన్నది. అంతకుముందే 1850ల తొలినాళ్ళలో సరిహద్దులో ఉండగా దీనిని వాడాడన్నది మరొకటి. ఏది ఏమైనా, అతడిని చూసి తోటి అశ్వికదళ అధికారులు కూడా ఇటువంటి బెల్టులు కుట్టించుకోవడం మొదలుపెట్టారు.

తోలు ఒర తయారీ

పిస్తోలు ఒరకు రెండు గుణాలు ఉండాలి. గుర్రం దౌడు తీసినా పిస్తోలు జారిపడకూడదు. అవసరమైనప్పుడు ఒక్క చేత్తో వెంటనే బయటకు రావాలి. వదులైతే మొదటిది, మరీ బిగువైతే రెండవది నెరవేరదు. ఈ రెండింటి మధ్య సరైన బిగువు సాధించడంలోనే పనివాని నేర్పు ఉంది.

ఇందుకు చెట్ల చెక్కతో పదును చేసిన తోలును వాడతారు. ఉత్తర భారతదేశంలో తుమ్మచెక్కను, తెలుగు ప్రాంతాలతో సహా దక్షిణాదిలో తంగేడు చెక్కను తోళ్ళ పదునుకు విరివిగా వాడేవారు. ఇలా పదును చేసిన తోలు తడిసినప్పుడు మెత్తబడి, ఆరినప్పుడు అప్పటి ఆకారంలోనే గట్టిపడుతుంది. క్రోమియం లవణాలతో పదును చేసిన తోలుకు ఈ గుణం తక్కువ. పైగా అందులోని లవణాల వలన ఇనుము తుప్పు పట్టే అవకాశం ఉంది.

ముందుగా పిస్తోలును కాగితంపై ఉంచి చుట్టూ గీత గీస్తారు. పిస్తోలు మందానికి, కుట్టుకు సరిపడా అంచు వదిలి తోలు కత్తిరిస్తారు. సుమారు మూడు, నాలుగు మిల్లీమీటర్ల మందం ఉన్న తోలు ఇందుకు తగినది. తోలును మడిచి, అంచుల నడుమ ఒక సన్నని తోలు పట్టీ పెడతారు. దీని వలన కుట్టు పిస్తోలుకు ఒరుసుకోదు. ఆరెతో రంధ్రాలు పొడిచి, మైనం పట్టించిన నారదారాన్ని రెండు సూదులతో ఒకే రంధ్రంలో రెండువైపుల నుండి దూర్చి బిగిస్తారు. జీను కుట్టు అనే ఈ పద్ధతిలో ఒకచోట దారం తెగినా మిగిలిన కుట్టు ఊడిపోదు.

కుట్టిన తరువాత ఒరను గోరువెచ్చని నీటిలో తడుపుతారు. ఖాళీ చేసిన పిస్తోలుకు తడి తగలకుండా పలుచని పొర చుట్టి, లేదా అదే ఆకారంలో చెక్కిన కొయ్య నమూనాను తీసుకొని, ఒరలో దూర్చుతారు. నునుపైన ఎముక లేదా కొయ్య పనిముట్టుతో గుళ్ళ చక్రం, మీట చుట్టూ ఉన్న కమ్మీ మొదలైన భాగాల వద్ద తోలును నొక్కుతారు. పిస్తోలును ఒరలో నిలిపి ఉంచేవి ఈ నొక్కులే. తరువాత నీడలో ఆరనిస్తారు. ఎండలోగాని నిప్పు వద్దగాని ఆరబెడితే తోలు పెళుసుబారి పగులుతుంది. ఆరిన ఒర మరీ బిగుతుగా ఉంటే పిస్తోలుకు ఇంకొక పొర చుట్టి ఒక రాత్రి అందులో ఉంచితే కొద్దిగా సడలుతుంది. నూనె ఎక్కువగా పట్టిస్తే తోలు మెత్తబడి ఆకారం చెడుతుంది.

ఆఫ్ఘన్ యుద్ధం

చెయ్యి పోయినా బ్రౌన్ ఉద్యోగం మానలేదు. 1860లలో కోర్ ఆఫ్ గైడ్స్ దళానికి నాయకత్వం వహించాడు. 1876లో కె.సి.ఎస్.ఐ. బిరుదు పొందాడు. 1878లో రెండవ ఆంగ్లో-ఆఫ్ఘన్ యుద్ధం మొదలైనప్పుడు పెషావర్ లోయ సేనకు అధిపతి అయ్యాడు. నవంబరు 21న ఖైబర్ కనుమలోని ఆలీ మస్జిద్ కోటపై దాడి చేశాడు. ఆ రాత్రి ఆఫ్ఘన్ సేనలు కోట విడిచి వెళ్ళాయి. డిసెంబరులో బ్రౌన్ సేన జలాలాబాద్ చేరింది. 1879 మే 26న గండమక్ వద్ద సంధి కుదిరింది. సంధి తరువాత మండు వేసవిలో తిరుగు ప్రయాణమైన ఈ సేనలో కలరా వ్యాపించి అనేకులు మరణించారు. 1888లో బ్రౌన్‌కు జనరల్ హోదా, 1891లో జి.సి.బి. బిరుదు లభించాయి.

బెల్టు వ్యాప్తి

భారతదేశంలో మొదలైన ఈ బెల్టు 1899-1902 నాటి బోయర్ యుద్ధకాలానికి బ్రిటిషు సైన్యంలోని ఇతర విభాగాల అధికారులకు కూడా చేరి, యూనిఫారంలో భాగమైంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇది ఒక ఇబ్బంది కూడా తెచ్చింది. భుజం పట్టీని బట్టి అధికారిని దూరం నుండే గుర్తించి శత్రువులు కాల్చేవారు. అందువలన ముందు వరుసలోని అధికారులు చాలామంది సాధారణ సైనికుల పట్టీలను ధరించసాగారు.

ఫ్రాన్సులో పోరాడిన అమెరికా అధికారులు 1918లో దీనిని ధరించారు. 1921లో అమెరికా సైన్యం దీనిని అధికారికంగా స్వీకరించి, రెండవ ప్రపంచ యుద్ధకాలంలో మానివేసింది. భుజం పట్టీ లేకపోయినా, పిస్తోలు ఒర తగిలించే పోలీసు బెల్టును అమెరికాలో ఇప్పటికీ సామ్ బ్రౌన్ అనే పిలుస్తారు. స్వాతంత్ర్యానంతరం భారతదేశంలో కూడా సైనిక, పోలీసు అధికారుల లాంఛన దుస్తులలో ఈ బెల్టు కొనసాగింది.

మరణం, స్మృతి

పదవీ విరమణ తరువాత బ్రౌన్ ఇంగ్లండులోని వైట్ ద్వీపంలో రైడ్ పట్టణంలో నివసించి, 1901 మార్చి 14న అక్కడే 76వ ఏట మరణించాడు. లండనులోని సెయింట్ పాల్స్ కెథెడ్రల్‌లోను, లాహోర్ కెథెడ్రల్‌లోను ఇతడి స్మారక ఫలకాలున్నాయి. ఇతడు కూర్చిన దళానికి 1904లో 22వ సామ్ బ్రౌన్స్ కావల్రీ అని పేరు పెట్టారు. 1921లో అది 25వ కావల్రీతో కలిసిపోయి 12వ కావల్రీగా మారింది. ఆ పేరు తరువాత పాకిస్తాన్ సైన్యానికి సంక్రమించింది.