పీవీ నరసింహారావు: అరవై దాటాక కీబోర్డ్ పట్టిన వంగర పెద్దాయన.. ఆ కంప్యూటర్ కథ ఇదీ

కరీంనగర్: గేమింగ్ పీసీ కొనాలంటే ఇప్పుడు ఏం చేస్తున్నాం? ఫోన్‌లో నాలుగు రివ్యూ వీడియోలు చూసి, గ్రాఫిక్స్ కార్డ్ రేటు పోల్చుకుని, ఆర్డర్ పెట్టేస్తున్నాం. మంచిర్యాలలో ఉన్నా, జగిత్యాలలో ఉన్నా మూడు నాలుగు రోజుల్లో డబ్బా ఇంటికి వచ్చేస్తుంది. 40 ఏళ్ల కింద పరిస్థితి అట్లా లేదు. విదేశీ కంప్యూటర్ విడిభాగం ఒక్కటి తెప్పించాలన్నా లైసెన్సులు, పర్మిట్లు, ధరకు మించిన సుంకాలు. ఆ రోజుల్లో, 60 ఏళ్లు దాటిన ఒక తెలుగు కేంద్రమంత్రి డెస్క్‌టాప్ ముందు కూర్చుని అఆల నుంచి మొదలుపెట్టారు. ఆయనే పాములపర్తి వెంకట నరసింహారావు. మనందరికీ పీవీ.

ప్రధానిగా ఆయన గురించి చాలామందికి తెలుసు. ఈ కంప్యూటర్ సంగతి మాత్రం తెలిసినవాళ్లు తక్కువే.

పీవీ 1921 జూన్ 28న నర్సంపేట దగ్గరి లక్నెపల్లిలో పుట్టారు. చిన్నతనంలోనే దత్తత వెళ్లడంతో పెరిగింది మాత్రం వంగరలో. నిన్నమొన్నటి దాకా కరీంనగర్ జిల్లాలో ఉన్న ఆ ఊరు, జిల్లాల విభజన తర్వాత ఇప్పుడు హనుమకొండ జిల్లాలోకి వెళ్లింది. 1938లో వందేమాతరం ఉద్యమంలో పాల్గొన్నందుకు నిజాం రాజ్యంలో చదువు సాగలేదు. నాగ్‌పూర్‌కు, పుణెకు వెళ్లాల్సి వచ్చింది. పుణె ఫెర్గూసన్ కాలేజీలో బీఎస్సీ, నాగ్‌పూర్‌లో లా చేశారు. సాహిత్యం మనిషిగా పేరు పడ్డారు కానీ డిగ్రీ చూస్తే సైన్సు విద్యార్థి. తర్వాతి కథకు ఇది కొంచెం అవసరం.

నిజాం వ్యతిరేక పోరాటం రోజుల్లో ఆదిలాబాద్ సరిహద్దు అవతలి చాందా క్యాంపులో పనిచేశారు. తర్వాత వరంగల్‌లో కాకతీయ పత్రిక నడిపారు. 1957 నుంచి వరుసగా నాలుగుసార్లు మంథని ఎమ్మెల్యే. 1971లో ముఖ్యమంత్రి. భూసంస్కరణలు తెచ్చి, సొంత భూమిలోనూ చాలా భాగం వదులుకున్నారు. పెద్ద భూస్వాములకు అది మింగుడు పడలేదు. ముల్కీ గొడవలు, జై ఆంధ్ర ఉద్యమం ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. 1973 జనవరిలో కుర్చీ పోయింది.

ఇక ఢిల్లీ రోజులు. 1980లో ఇందిర ప్రభుత్వంలో విదేశాంగ మంత్రి, 1984లో హోం మంత్రి. 1984 చివర్లో జరిగిన ఎన్నికల్లో దేశమంతా కాంగ్రెస్ గాలి వీస్తే, హనుమకొండలో మాత్రం పీవీ ఓడిపోయారు. గెలిచింది బీజేపీ అభ్యర్థి చందుపట్ల జంగారెడ్డి. సొంత గడ్డ మీద అది చిన్న దెబ్బ కాదు. మహారాష్ట్రలోని రాంటెక్‌లో కూడా పోటీ చేసి గెలవడం వల్ల లోక్‌సభలో సీటు నిలిచింది. రాజీవ్ గాంధీ క్యాబినెట్‌లో రక్షణ మంత్రి అయ్యారు.

అసలు విషయం ఇక్కడే మొదలవుతుంది.

రాజీవ్ వయసు అప్పుడు 40. పైలట్‌గా పనిచేసిన మనిషి, కంప్యూటర్లంటే మోజు. 1984 నవంబర్‌లోనే కొత్త కంప్యూటర్ విధానం ప్రకటించారు. దిగుమతులు ఇంకా తేలిక చేద్దామని ఆయన ఆలోచన. ఓసారి ఒక మిత్రుడితో మాట్లాడుతూ, పార్టీలోని పెద్దవాళ్లకు ఈ కంప్యూటర్లు ఏం అర్థమవుతాయన్న ధోరణిలో ఓ మాట అన్నారట. పీవీ అక్కడే ఉన్నారు. విన్నారు. ఏమీ అనలేదు. ఆ సాయంత్రమే హైదరాబాద్‌లో ఉన్న కొడుక్కి ఫోన్ చేసి, ఒక కంప్యూటర్ పంపించమన్నారు. పీవీ జీవితం మీద రాసినవాళ్లు, ఆయన ఇంటివాళ్లు చెబుతూ వచ్చిన సంగతి ఇది.

ఎదురు మాట్లాడకపోవడం పీవీ స్వభావం. మౌనమే ఆయన ఆయుధమని తర్వాత రోజుల్లో జోకులు కూడా వచ్చాయి. కానీ ఈసారి మౌనం వెనక ఒక మెషిన్ వచ్చి బల్ల మీద కూర్చుంది.

అప్పటి పీసీ అంటే ఎట్లా ఉండేదో ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు. ఐబీఎం పీసీని చూసి తయారైన మెషిన్లే ఎక్కువ. ఇంటెల్ 8088 ప్రాసెసర్, వేగం 4.77 మెగాహెర్ట్జ్. ర్యామ్ మహా అయితే 640 కిలోబైట్లు. గిగాబైట్లు కాదు, మెగాబైట్లు కూడా కాదు, కిలోబైట్లే. అయిదుంపావు అంగుళాల ఫ్లాపీలో పట్టేది 360 కేబీ. ఇవాళ వాట్సాప్‌లో వచ్చే గుడ్‌మార్నింగ్ ఫొటో ఒక్కటి కూడా అందులో పట్టకపోవచ్చు. 10 ఎంబీ హార్డ్ డిస్క్ ఉందంటే అది షావుకారు మెషిన్ కింద లెక్క. నల్ల తెర మీద పచ్చటి అక్షరాలు, మౌస్ లేదు, బొమ్మలు లేవు. ప్రతి పనికీ కమాండ్ టైప్ చేయాల్సిందే. ఒక్క అక్షరం తప్పు కొడితే మెషిన్ ఒప్పుకోదు. మన దగ్గర కరెంటు సంగతి చెప్పనక్కర్లేదు కదా, స్టెబిలైజర్ లేకుండా ఎవరూ ఆన్ చేసేవాళ్లు కాదు. చాలా ఆఫీసుల్లో కంప్యూటర్ గదికి ఏసీ పెట్టి, చెప్పులు బయట విడిచి రమ్మనేవాళ్లు. గుడి లెక్క!

ఆ మెషిన్‌తో పీవీ కుస్తీ పట్టారు. మాన్యువల్స్ తెప్పించుకుని, పొద్దున్నే లేచి సాధన చేశారు. దాదాపు ఆరు నెలలు. ఫైల్ తెరవడం, టైప్ చేయడంతో ఆగిపోతే ఇది పెద్ద వార్త కాదు. ఆయన బేసిక్ నేర్చుకున్నారు. కోబాల్ నేర్చుకున్నారు. ఆ తర్వాత యూనిక్స్ మీద కోడ్ రాసే దాకా వెళ్లారు.

ఈ మూడూ ఒకటి కాదు. బేసిక్ అంటే కొత్తవాళ్ల కోసం తయారైన భాష, అప్పటి పీసీలతో పాటే వచ్చేది. కోబాల్ బ్యాంకులు, జీతాల లెక్కలు, పెద్ద ఆఫీసుల పని. ఇంగ్లిష్ వాక్యాల్లా పొడుగ్గా రాయాలి, ఏ కాలమ్‌లో ఏది ఉండాలో అక్కడే ఉండాలి. ఓపిక లేనివాడికి కోబాల్ రాదు. యూనిక్స్ అప్పట్లో యూనివర్సిటీలు, ఇంజినీర్ల సరుకు. ఇప్పటి ఆండ్రాయిడ్ ఫోన్ లోపల ఉండే లినక్స్ కెర్నల్ దాన్ని చూసే పుట్టింది. కేంద్రమంత్రి ఒకరు, అదీ 65 ఏళ్ల దగ్గర పడ్డాయన, దాని జోలికి వెళ్లడం మామూలు విషయం కాదు.

ఆయనకు భాషలు కొత్త కాదనుకోండి. తెలుగు, ఉర్దూ, మరాఠీ, హిందీ, ఇంగ్లిష్, స్పానిష్.. లెక్క పదికి పైనే. విశ్వనాథ సత్యనారాయణ వేయిపడగలను హిందీలో సహస్రఫణ్‌గా అనువదించిన మనిషి. వ్యాకరణం పట్టుబడితే భాష పట్టుబడుతుందని తెలిసినవాడికి కోబాల్ కూడా ఇంకో భాషే.

తర్వాత ల్యాప్‌టాప్ ఆయన వెంటే తిరిగింది. రాతపని చాలావరకు తానే టైప్ చేసుకునేవారు. స్టెనోకు చెప్పి రాయించే అలవాటున్న ఢిల్లీ పెద్దల మధ్య అది వింతే.

1985 సెప్టెంబర్‌లో పీవీ మానవ వనరుల శాఖకు మారారు. 1986 జాతీయ విద్యా విధానం ఆయన హయాంలోనిదే. స్కూళ్లలో కంప్యూటర్ అన్న మాట అప్పుడప్పుడే వినబడుతోంది. 1984లో మొదలైన క్లాస్ పథకం కింద బ్రిటన్ నుంచి వచ్చిన బీబీసీ మైక్రో మెషిన్లు కొన్ని బడులకు చేరాయి. అన్ని చోట్లా అవి బాగా నడిచాయని చెప్పలేం. నేర్పే టీచర్లే తక్కువ. నవోదయ విద్యాలయాలు మాత్రం నిలబడ్డాయి. కరీంనగర్ జిల్లాకు చొప్పదండిలో, ఆదిలాబాద్ జిల్లాకు కాగజ్‌నగర్‌లో వచ్చాయి. పల్లె పిల్లలకు హాస్టల్‌తో సహా ఉచిత చదువు. రాష్ట్ర విద్యామంత్రిగా ఉండగా సర్వేల్‌లో గురుకులానికి బాట వేసిన అనుభవం దీని వెనక ఉంది.

1991 జూన్ 21న ప్రధాని అయ్యారు. ఖజానాలో రెండు మూడు వారాల దిగుమతులకు సరిపడా డాలర్లే ఉన్నాయి. జులై 1న, 3న రూపాయి విలువ తగ్గించారు. డాలర్ 21 రూపాయల దగ్గర నుంచి 26 దగ్గరికి వెళ్లింది. ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. సంస్కరణలు రాగానే కంప్యూటర్లు చవకయ్యాయని చాలామంది అనుకుంటారు. నిజానికి మొదటి దెబ్బకు దిగుమతి విడిభాగాల ధర రూపాయల్లో పెరిగింది. ఊరట మెల్లగా వచ్చింది. గరిష్ఠ దిగుమతి సుంకం 1991లో 150 శాతం, 1995 నాటికి 50 శాతం. సున్నా సుంకం వైపు దారి పడింది మాత్రం ఆయన దిగిపోయాక, 1997లో భారత్ ప్రపంచ ఐటీ ఒప్పందంలో చేరినప్పుడు. ఆ ఘనత కూడా పీవీ ఖాతాలో వేయడం సరికాదు.

1991 జులై 24 నాటి పారిశ్రామిక విధానం సంగతి వేరు. పరిశ్రమల శాఖ పీవీ దగ్గరే ఉంది. 18 రంగాలు తప్ప మిగతా వాటికి లైసెన్స్ అక్కర్లేదని ఆ రోజు తేల్చేశారు. తమాషా ఏమిటంటే, ఆ 18లో కలర్ టీవీలు, వీసీఆర్‌లు, టేప్ రికార్డర్లు, ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషిన్లు ఉన్నాయి. కంప్యూటర్ లేదు. అంటే కలర్ టీవీ ఫ్యాక్టరీకి లైసెన్స్ కావాలి, కంప్యూటర్ ఫ్యాక్టరీకి వద్దు!

ఆయన అయిదేళ్లలోనే మిగతావి వచ్చాయి. 1994లో టెలికాం విధానం, 1995 జులై 31న కోల్‌కతా నుంచి ఢిల్లీకి తొలి మొబైల్ కాల్, ఆగస్టు 15న వీఎస్‌ఎన్‌ఎల్ ఇంటర్నెట్. వేగం సెకనుకు 9.6 కిలోబిట్లు, మోడెమ్ టెలిఫోన్ లైన్‌కు తగిలించాలి. వీడియో అన్న ఊసే లేదు. తెలుగులో ప్రైవేటు శాటిలైట్ ఛానెళ్లు మొదలైంది కూడా ఆ ఏడాదే. ఆ దశాబ్దంలోనే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చినాయ్ ట్రేడ్ సెంటర్ కంప్యూటర్ బజారుగా మారింది. మన జిల్లాల నుంచి పొద్దున బస్సెక్కి, మదర్‌బోర్డ్, ర్యామ్, క్యాబినెట్ విడివిడిగా కొని, సాయంత్రం ఒళ్లో పెట్టుకుని వచ్చినవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

పీవీ లెక్కలో అప్పులూ ఉన్నాయి. 1992 డిసెంబర్ 6న బాబ్రీ మసీదు కూలుతుంటే కేంద్రం చూస్తూ ఉండిపోయింది. ఆ మరక ఏ సంస్కరణతోనూ పోలేదు. జేఎంఎం ముడుపుల కేసులో 2000లో కింది కోర్టు దోషిగా తేల్చింది, 2002లో హైకోర్టు కొట్టేసింది. అప్పటికి పార్టీలో ఆయన చుట్టూ మనుషులు లేరు. 1998లో వచ్చిన నవల ది ఇన్‌సైడర్ తెలుగులో లోపలి మనిషిగా వెలువడింది. ముఖ్యమంత్రిగా పడ్డ పాట్లు అందులో పేర్లు మార్చుకుని కనిపిస్తాయి.

2004 డిసెంబర్ 23న ఢిల్లీ ఎయిమ్స్‌లో కన్నుమూశారు. ఢిల్లీలో అంత్యక్రియలకు చోటు దొరకలేదు. పార్థివదేహం కాంగ్రెస్ ఆఫీసు గేటు బయటే ఆగిపోయింది. డిసెంబర్ 25న హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున దహనం చేశారు. 2024 మార్చి 30న రాష్ట్రపతి భవన్‌లో ఆయన భారతరత్నను కొడుకు అందుకున్నారు.