దెయ్యం మీద జాలిపడిన కథకుడు - ఆస్కార్ వైల్డ్

మన హాస్టళ్లలో కరెంటు పోయిన రాత్రి దెయ్యం కథ చెప్పుకోని బ్యాచ్ ఉండదు. ఐర్లాండు దేశంలో అందుకోసం ఏటా ఒక రాత్రే ఉంది. అది అక్టోబరు 31. చనిపోయినవాళ్లు ఆ రాత్రి లేచి తిరుగుతారని అక్కడి పల్లెవాళ్లు నమ్మేవారు. మన పెత్రమాస లాంటిదే అనుకోవచ్చు, కాకపోతే అక్కడ భయం పాలు ఎక్కువ. వలసపోయినవాళ్లతో అమెరికా చేరిన ఆ పండుగనే ఇప్పుడు హాలోవీన్ అంటున్నారు.

అలాంటి కథలను పోగుచేసే ఇంట్లో 1854 అక్టోబరు 16న డబ్లిన్‌లో ఆస్కార్ వైల్డ్ పుట్టాడు. తండ్రి విలియం కళ్లు, చెవుల డాక్టరు. పల్లె రోగుల దగ్గర ఫీజుకు బదులు పాత కథలు చెప్పించుకునేవాడని అంటారు. తల్లి జేన్ ఐర్లాండు స్వేచ్ఛ కోసం కవితలు రాసిన మనిషి. భర్త పోయాక ఆ కథలన్నీ కలిపి 1887లో పుస్తకం వేసింది. నవంబరు ముందటి రాత్రి చచ్చినవాళ్లు ఆడే ఆటల ముచ్చట్లు అందులో ఉన్నాయి.

వైల్డ్‌కు పన్నెండేళ్లప్పుడు చెల్లెలు ఐసోలా తొమ్మిదేళ్లకే చనిపోయింది. ఆమె జుట్టు పాయను ఒక కవరులో పెట్టి బతికినన్నాళ్లూ దాచుకున్నాడు. చదువులో మాత్రం ఎప్పుడూ ముందే. డబ్లిన్‌లో ట్రినిటీ కాలేజీ, తర్వాత 1874 నుంచి ఆక్స్‌ఫర్డ్. 1884లో కాన్‌స్టన్స్ లాయిడ్‌ను పెళ్లాడాడు, ఇద్దరు కొడుకులు పుట్టారు. లోకానికి కనబడింది ఇంతే. మగవాళ్లనే ప్రేమించే మనసు తనదన్న సంగతి దాచుకోవలసి వచ్చింది. 1885లో వచ్చిన ఇంగ్లండు చట్టం ప్రకారం అది జైలుకు పంపే నేరం.

తల్లి పుస్తకం వచ్చిన 1887లోనే ఆయన దెయ్యం కథ ‘ది కాంటర్‌విల్ ఘోస్ట్’ అచ్చయింది. భార్యను చంపి మూడు వందల ఏళ్లుగా నిద్రలేక తిరిగే సైమన్ దెయ్యాన్ని చూసి ఆ ఇంటికి కొత్తగా వచ్చిన అమెరికా కుటుంబం భయపడదు సరికదా, కవల పిల్లలు దిండ్లు విసిరి తరుముతారు. చదువుతుంటే పొట్ట చెక్కలవుతుంది. కానీ పదిహేనేళ్ల వర్జీనియా ఒక్కతే ఆ దెయ్యం పక్కన కూర్చుని, దాని బాధ విని, దానికి శాంతి దొరికేలా చేస్తుంది. ఆ రాత్రి ఏం జరిగిందో తర్వాత మొగుడికి కూడా చెప్పదు. అందరూ ఎగతాళి చేసే ప్రాణి, బయటికి చెప్పలేని రహస్యం. ఈ రెండూ ఎక్కడివో వైల్డ్ జీవితం తెలిశాక నాకు అర్థమైంది. నడకను బట్టి, గొంతును బట్టి పేరు పెట్టి ఏడిపించే అలవాటు మన గదుల్లోనూ ఉంది. అలా ఏడిపించుకునే తమ్ముడికి చీకటికంటే పక్క మంచాల మీది నవ్వులే ఎక్కువ భయం.

1890లో ‘ది పిక్చర్ ఆఫ్ డోరియన్ గ్రే’ పత్రికలో వచ్చింది. మనిషి అందంగానే ఉంటాడు, అతని పాపాలన్నీ అటక మీద దాచిన బొమ్మకు అంటుకుంటాయి. చిత్రకారుడికి ఆ యువకుడి మీద ఉన్న ఇష్టాన్ని ఎడిటరు ముందే కొంత కత్తిరించాడు. అయినా పత్రికలు బూతన్నాయి. మరుసటి ఏడు పుస్తకంగా వేసేటప్పుడు వైల్డే ఇంకొంత మెత్తబరిచాడు. ఏం లాభం? 1895లో ఆ నవలనే కోర్టులో ఆయన మీద ప్రయోగించారు.

మొదట కోర్టుకెక్కింది వైల్డే. తన ప్రియుడు ఆల్‌ఫ్రెడ్ డగ్లస్ తండ్రి నిందిస్తే పరువునష్టం కేసు వేశాడు. అది తిరగబడింది. పేద కుర్రాళ్లకు ఆయన ఇచ్చిన వెండి సిగరెట్ పెట్టెల సంగతి చదివినప్పుడు నాకు ఇబ్బందిగానే అనిపించింది. కానీ డబ్బున్నవాడు లేనివాళ్లకు దగ్గరైన తీరుకు కాదు శిక్ష పడింది, మగవాడిని కోరుకున్నందుకు. మే 25న రెండేళ్ల కఠిన శిక్ష వేశారు. పాత తాళ్లను వేళ్లతో పీకి నార తీయడం అక్కడి పని. జైలు మార్చేటప్పుడు బేడీలతో రైల్వే ప్లాట్‌ఫారం మీద నిలబెడితే జనం చుట్టూ చేరి నవ్వారు. కవలలు విసిరిన దిండ్లు అంత నొప్పి పెట్టి ఉండవు.

భార్య పిల్లల ఇంటిపేరు మార్చేసింది. 1897లో విడుదలయ్యాక ఆయన కూడా పేరు మార్చుకున్నాడు. సెబాస్టియన్ మెల్‌మాత్ అని. తల్లి వైపు బంధువైన మాట్యురిన్ 1820లో రాసిన భయానక నవలలో, చావు రాక దేశాలు తిరిగే శాపగ్రస్తుడి పేరు మెల్‌మాత్. ఆ పేరుతోనే తిరిగి, 1900 నవంబరు 30న ప్యారిస్‌లో ఒక చవక హోటల్లో నలభై ఆరేళ్లకే కన్నుమూశాడు.

ఇంగ్లండులో ఆ చట్టం 1967లో సడలింది. వాళ్లు మనకు 1860లో అంటగట్టిన 377వ సెక్షన్, ఇష్టపడి కలిసిన పెద్దవాళ్లకు వర్తించదని 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తేల్చింది.

రాబీ రాస్ అనే స్నేహితుడి గురించి చెప్పాలి. ఖైదీగా వైల్డ్‌ను కోర్టు వరండాలో నడిపిస్తుంటే అంత జనం ముందు టోపీ తీసి నమస్కరించినవాడు ఆయన. వైల్డ్ పోయాక పుస్తకాల మీద వచ్చిన డబ్బుతో అప్పులు తీర్చి, 1909లో శవాన్ని ప్యారిస్‌లోనే పేర్ లషేజ్ శ్మశానానికి మార్పించి, అక్కడ కట్టే సమాధిలో తన అస్థికలకు కూడా చోటు ఉంచమని చెప్పాడు. రాస్ 1918లో చనిపోయాడు. ఆ అస్థికలను 1950లో వైల్డ్ సమాధిలో పెట్టారు.